స్టుట్‌గార్ట్ వియ్యపురాలు

పెళ్ళయిన చాలా ఏళ్ళకు మృదులకు ఆడపిల్ల పుట్టింది. తార అని పేరు పెట్టారు. మనవరాలిని చూడడానికి మృదుల అత్తగారు రెనాటె జర్మనీ నుంచి మిచిగాన్‌లోని ట్రాయ్‌కి వచ్చింది. ఆవిడకు ఎనభై దాటాయి. భర్త పోయి చాలా కాలమైంది. కార్ల కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తున్న మతియాస్ ఆవిడకు లేటు వయసులో పుట్టిన ఒక్కగానొక్క కొడుకు. అతను ఇక్కడ స్థిరపడి ఎన్నేళ్ళయినా ఆవిడ ఏనాడూ ఈ దేశంలో అడుగు పెట్టలేదు. కొడుకు పెళ్ళి కూడా తన ఊరు స్టుట్‌గార్ట్‌లోనే జరగాలని పట్టుబట్టి చేయించింది. ఇప్పుడు పసిపిల్ల రప్పించింది.

మృదుల తల్లిదండ్రులు నరసింహం, లీల అక్కడికి దగ్గర్లోనే ఉంటారు. నరసింహం తెనాలి పక్క పల్లెటూరి నుంచి డెబ్బైలలో చదువుకోవడానికి వచ్చి, కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే లీల వండిన క్యారియర్ పట్టుకుని ఇద్దరూ కూతురింటికి వచ్చేవాళ్ళు. తారకు నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది లీలే. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచినా, పిలుపు మాత్రం ఆమె మార్చుకోలేదు. పెళ్ళిలో పైపైన పలకరించుకోవడమే; ఇప్పుడు వచ్చిన మొదటిరోజే "వదినగారూ" అంది. రెనాటె ఆ పిలుపుకు అర్థం అడిగి తెలుసుకుని, బుద్ధిగా తల ఊపింది.

రెనాటె మంచి మనిషే. కానీ ఈ దేశంలో ఆవిడకు ఏదీ నచ్చలేదు. మంచినీళ్ళలో అన్ని ఐసు ముక్కలేమిటంది. బీరువా అంత ఫ్రిజ్ ఎందుకంది. కాలనీలో నడవడానికి కాలిబాట లేదేమంది.

"ఇంటింటికీ ఆ జెండా ఏమిటి? ఏ దేశంలో ఉన్నారో మర్చిపోతారని భయమా?" అని అడిగింది ఒకరోజు భోజనాల దగ్గర. "నిన్న షాపులో అమ్మాయి నన్ను ఎలా ఉన్నారని అడిగింది. మోకాలు నొప్పిగా ఉందని చెప్పేలోపే నా వెనకాయన్ని అడుగుతోంది. జవాబు అక్కర్లేనప్పుడు అడగడం దేనికి? మీ అమెరికన్లు ఇంతే."

చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ నరసింహం వైపే చూసింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో నరసింహం అన్నాడు:

"విన్నావా లీలా, ఆవిడ నన్ను అమెరికన్ అంది."

"అంటే ఏమైందండీ? పాస్‌పోర్ట్ అదేగా."

"అది కాదే. ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను ఒక్కళ్ళయినా అన్నారా? మొన్న బ్యాంకులో వాడు కూడా, వేరార్ యూ ఫ్రమ్ అనే అడిగాడు. ఈవిడే మొదటిసారి అనడం. అదీ తిట్టడానికి."

లీల నవ్వింది. "పోనీలెండి, తిట్టడానికైనా అంది కదా."

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం టీవీలో ఏదో యుద్ధం గురించి వార్త వస్తోంది. రెనాటె సూప్ తాగుతూ, "ముందు బాంబులు వేస్తారు, తర్వాత బిస్కెట్లు పంచుతారు, ఆ తర్వాత ప్రపంచానికి నీతులు చెప్తారు," అంది.

నరసింహానికి ఎక్కడి నుంచి వచ్చిందో అంత కోపం వచ్చింది.

"మరి రెండో ప్రపంచ యుద్ధంలో మీ ఊళ్ళు కూలిపోయినప్పుడు సాయం చేసిందెవరండీ? తిండి లేక ఏడుస్తున్న మీ పిల్లల కడుపు నింపిందెవరు? మేం కాదూ?"

మేం అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికే వింతగా తోచింది. రెనాటె చెంచా బల్ల మీద పెట్టింది. ముఖం తెల్లబోయింది. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"నాన్నా, వై?" అంది మృదుల, పాపను భుజాన వేసుకుని. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆమె ఓల్డ్ నాన్నా. ఎందుకు అలా చెప్పావు?"

నరసింహం లేచి టీవీ ఆపేశాడు.

మర్నాడు పొద్దున్న లీలకు పంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. ఆమెను అక్కడ దింపి వస్తుండగా మృదుల ఫోన్ చేసింది.

"నాన్నా, రెనాటె వాక్‌కి వెళ్ళింది, ఇంకా రాలేదు. ఫోన్ ఇక్కడే ఉంది. మతియాస్ ఆఫీస్‌లో ఉన్నాడు. నువ్వు చూస్తావా?"

రాత్రి కురిసిన మంచు సగం కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్నాయి. నరసింహం కాలనీ అంతా తిరిగాడు. చివరికి లాంగ్ లేక్ రోడ్డు పక్కన కనిపించింది. గోధుమరంగు కోటు, నెత్తిన ఉన్ని టోపీ, చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నడిచిపోతోంది. ఆమె పక్కనే ఒక పికప్ ట్రక్ మెల్లగా వెళ్తోంది. అందులోంచి ఒకాయన తల బయటపెట్టి, "అమ్మా, దారి తప్పారా? సాయం కావాలా?" అని అడుగుతున్నాడు. రెనాటె వద్దని చెయ్యి ఊపుతోంది. తనకు తెలిసినావిడేనని నరసింహం చెప్పాక ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

"కారెక్కండి, చలిగా ఉంది," అన్నాడు నరసింహం.

"నేను సాయం అడగలేదు."

ఆవిడ ఆగకుండా నడుస్తూనే ఉంది. నరసింహం ఒక్క క్షణం ఆలోచించి, కారును పక్కనున్న చర్చి ఆవరణలో పెట్టి, దిగి ఆమె వెనకే నడిచాడు. దగ్గరికి వచ్చేసరికి కాలు జారింది. పడబోతుంటే రెనాటె చటుక్కున మోచెయ్యి పట్టుకుని నిలబెట్టింది. ముసలి చేతుల్లో అంత బలం ఉంటుందని అతననుకోలేదు.

"ఇలాంటి బూట్లు వేసుకుని మంచులోకి వస్తారా?" అని కసిరింది. కానీ పట్టిన చెయ్యి వదల్లేదు. అలాగే ఇద్దరూ నడిచారు.

"నిన్న నేను అలా అనాల్సింది కాదు," అన్నాడు నరసింహం.

"మీరు అబద్ధం చెప్పలేదు." కొంత దూరం పోయాక ఆవిడే మళ్ళీ అంది. "నా కడుపు నింపింది వాళ్ళే. బడికి గిన్నె, చెంచా తీసుకుని వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం అమెరికా వాళ్ళు పంపిన కోకో, ఒక రొట్టె. అంత రుచైనది నేను అప్పటివరకు తినలేదు. ఒకసారి ఫొటో తీయడానికి ఎవరో వచ్చారు. మంచి కోటు వేసుకున్న అమెరికన్ ఆవిడ కూడా వచ్చింది. టీచరు నన్ను ముందు నిలబెట్టి, గిన్నె ఎత్తి నవ్వమంది. థ్యాంక్యూ అనమంది. నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట అదే. నాకు నవ్వు రాలేదు. మళ్ళీ మళ్ళీ నవ్వమన్నారు. గిన్నెలో కోకో చల్లారిపోతోంది, నాకు ఆకలేస్తోంది. చివరికి నవ్వాను."

నరసింహం ఆవిడ నడకకు తగ్గట్టు అడుగు వేశాడు.

"మా వాళ్ళు ప్రపంచానికి చేసిన ఘోరం నాకు తెలుసు. మా నాన్న కూడా ఆ సైన్యంలో ఉన్నవాడే. మా ఊరు కూలడానికి కారణం మేమే. అందుకని కోపం తెచ్చుకునే హక్కు కూడా నాకు లేదు. హక్కున్న కోపమైతే ఎప్పుడో తీరిపోయేది. తర్వాత మా అబ్బాయి పెద్దవాడై, అందరినీ కాదని ఇక్కడికే వచ్చాడు. కొడుకుని కూడా వాళ్ళకే ఇచ్చాను. ఇంకెన్నిసార్లు థ్యాంక్యూ చెప్పాలి?"

కార్లు బురద చిమ్ముకుంటూ పోతున్నాయి. ఇద్దరూ కాస్త పక్కకు జరిగారు.

"నేనూ అదే తిండి తిన్నానండీ," అన్నాడు నరసింహం.

రెనాటె ఆగింది.

"మా ఊరి బళ్ళో గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి కలిపిన పాలు ఇచ్చేవాళ్ళు. అవి అమెరికా నుంచి వచ్చాయనేవాళ్ళు. నాకు ఆ పాలంటే ప్రాణం. అవి పంపే దేశం ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక చిన్నప్పుడే పుట్టింది నాకు."

"మిమ్మల్ని ఎవరూ నవ్వమనలేదా?"

నరసింహం ఆలోచించాడు. "లేదు. అమెరికా వాళ్ళెవరూ మా ఊరు రాలేదు. శేషమ్మ అని వంటావిడ ఉండేది. ఆవిడే వడ్డించేది. గ్లాసు చాస్తే, వెధవా నీకు కడుపా చెరువా అని తిట్టి ఇంకొంచెం పోసేది."

రెనాటె నవ్వింది. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ మనసారా నవ్వడం అదే మొదలు. "అదృష్టవంతులు," అంది. "తిట్టి పెట్టే మనిషి దొరికింది."

చర్చి దాకా వెనక్కి నడిచి, ఈసారి అడగకుండానే కారెక్కింది.

సాయంత్రం నరసింహం జరిగిందంతా లీలకు చెప్పాడు. పన్ను పీకించుకున్న బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని ఆమె విన్నది.

"తప్పు మనదేనండీ," అంది చివరికి.

"మనమేం చేశాం?"

"వచ్చిన దగ్గర్నుంచి వంట నేనే, నీళ్ళు నేనే, కారులో తిప్పడం మీరు. ఆవిడ ఉప్పు డబ్బా ముట్టుకోబోయినా, మీరు కూర్చోండి వదినగారూ అన్నాను. మర్యాద అనుకున్నాను. ఆవిడ చేత్తో ఒక్క పనైనా చేయించుకున్నామా? ఆవిడకూ మనవరాలేగా."

మర్నాడు పొద్దున్న లీల ఖాళీ చేతులతో వెళ్ళింది. వంటింట్లో నిలబడి, "వదినగారూ, నాకు నోరు నొప్పి, ఓపిక లేదు. ఇవాళ్టి నుంచి తారకు నీళ్ళు మీరు పోయాలి. వంట కూడా మీదే," అంది.

రెనాటె ఆమె ముఖంలోకి అనుమానంగా చూసింది. ఇది నిజమా, దయా అని వెతికినట్టు చూసింది. లీల బుగ్గ నిజంగానే వాచి ఉంది. రెనాటె స్వెటర్ చేతులు పైకి మడుచుకుంది.

ఆవిడ నీళ్ళ వేడి మోచేత్తో చూసింది. టబ్బులో పాపను ఎడమ చేతి మీద పడుకోబెట్టుకుని, సన్నని గొంతుతో ఏదో జర్మన్ పాట పాడుతూ, గుప్పెడు గుప్పెడుగా నీళ్ళు పోసింది. నూనె లేదు, సున్నిపిండి లేదు. లీల పక్కనే స్టూలు మీద కూర్చుని, చేతులు చీరకొంగులో దాచుకుంది. తార కాళ్ళు తపతపా కొట్టి, నాయనమ్మ, అమ్మమ్మ ఇద్దరి బట్టలూ తడిపింది. అప్పుడు లీలకు ఇంక ఆగలేదు. "ఆ చెవి వెనక కూడా కాస్త," అంది. రెనాటె చెవి వెనక రుద్దింది.

మధ్యాహ్నం తమ ఊరి పద్ధతిలో చిక్కటి పప్పు, అందులో పుల్లగా కాస్త వెనిగర్, పక్కన చేత్తో చేసిన నూడుల్స్ వండింది. మతియాస్ ఆ రోజు భోజనానికి ఇంటికి వచ్చాడు. గుమ్మంలోకి అడుగు పెట్టగానే వాసన పట్టి, బూట్లు విప్పడం మర్చిపోయి వంటింట్లోకి వచ్చాడు. తల్లి ఏదో కసిరితే తిరిగి వెళ్ళి విప్పి వచ్చాడు.

నరసింహం చెయ్యి అలవాటుగా కారప్పొడి సీసా మీదికి పోయింది.

"ఊహూఁ," అంది రెనాటె. "ముందు ఉన్నదున్నట్టు తినండి."

అతను అలాగే తిన్నాడు. చప్పగా ఉన్నా, వేడిగా, కడుపుకు హాయిగా ఉంది. మారు వడ్డించుకోబోతే ఆవిడ గరిటె లాక్కుని, తనే నిండుగా వడ్డించింది.

రెనాటె తిరుగు ప్రయాణం ఏప్రిల్ దాకా వాయిదా పడింది. ఐసు గురించి, జెండాల గురించి సణుగుడు మాత్రం తగ్గలేదు. నరసింహం కూడా వాదించడం మానలేదు. కాకపోతే ఇప్పుడు ఇద్దరూ ఆ వాదన సాయంత్రాలు నడుస్తూ చేసేవాళ్ళు. ఆవిడ పోరు పడలేక అతను మంచి బూట్లు కొన్నాడు.

ఎయిర్‌పోర్టులో రెనాటె పాపను ఎంతకీ వదల్లేదు. చివరికి మృదుల చేతిలో పెట్టి, లీల వైపు తిరిగింది.

"వదీనా," అంది, దీర్ఘం ఎక్కడ పెట్టాలో తెలియక. "వచ్చే వేసవికి మీరిద్దరూ మా ఇంటికి రండి. నెల రోజులు ఉండాలి. వంటింట్లోకి మాత్రం మిమ్మల్ని రానివ్వను."

"రానివ్వకపోతే ఎలా వదినగారూ!" అంది లీల. కళ్ళు తుడుచుకుంటూనే ఆవిడను గట్టిగా కావలించుకుంది.

కారు దగ్గరికి నడుస్తూ మృదులను అడిగింది: "స్టుట్‌గార్ట్‌కి టికెట్లు ఎప్పటి నుంచి బుక్ చేసుకోవచ్చే?"