నలుచదరపు కిటికీల ఆల్బం

పోయినేడు మామగారి పుట్టినరోజుకి చిన్నకోడలు పాత ఫొటోలతో ఒక ఆల్బం చేసిచ్చింది. అత్తగారు తిరగేసి "బాగుంది" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడమంటే మాటలు కాదు. అప్పట్నుంచీ పెద్దకోడలికి అన్నం సయించలేదంటే అబద్ధమే గానీ, తిన్నది మాత్రం ఒంటపట్టలేదు. ఇప్పుడు అత్తగారి పుట్టినరోజు వస్తోంది. ఆ మాట తనకూ దక్కాలి, ఒక పిసరు ఎక్కువగానే దక్కాలి.

మొగుణ్ణి వెంటబెట్టుకుని కాళ్ళరిగేలా షాపులన్నీ తిరిగింది. జిగురు పేజీల ఆల్బం పసుపెక్కుతుందంది. రింగులది ఆఫీసు ఫైల్లా ఉందంది. చివరికి షాపాయనకే విసుగొచ్చి మామూలు అట్టపేజీలది ఒకటి ముందు పెట్టాడు.

"ఇందులో ఏ సైజు ఫొటో అయినా పడుతుందమ్మా. ఇంతకీ ఫొటోలు తెచ్చారా?"

"ముందు ఆల్బం చూపించండి," అంది పెద్దకోడలు. కాలు కొలవకుండా చెప్పులు కొనే రకం మరి.

అదీ పక్కన పెట్టేసింది. ఆఖరికి ఆమెకి నచ్చినదానికి గుడ్డ అట్ట, పేజీపేజీకీ ఫొటోలు దూర్చడానికి నలుచదరపు కిటికీలు. చిన్నకోడలి ఆల్బానికి కిటికీలు లేవు. ఇంకేం, అదే సరైనది.

ఇంటికొచ్చి అత్తగారి బీరువాలోంచి, అడిగితే సస్పెన్స్ పోతుందని, అడక్కుండానే ఫొటోలు తీసింది. అన్నీ అడ్డంగా పొడుగు. కిటికీలో ఒక్కటీ పట్టలేదు.

"ఆల్బం మార్చుకొద్దామా?" అన్నాడు మొగుడు.

ఆమె కత్తెర తీసింది. మధ్యలో మామగారు, చుట్టూ పిల్లలు ఉంటే చాలదూ? అంచుల్లో ఏముంటుంది, తలుపో, కుర్చీయో, ఎవరిదో భుజమో. ఆ భుజం ఎవరిదో చూసే తీరిక ఆమెకెక్కడిది?

మర్నాడు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరగా అత్తగారు ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పారు. చిన్నకోడలి మొహం మాడిపోవడం చూసి పెద్దకోడలికి కడుపు నిండిపోయింది. అత్తగారు ఆల్బం మూసి, అట్టని చేత్తో తడిమారు.

"బాగుందమ్మా. కత్తిరించిన ముక్కలేం చేశావు?"

"చెత్తబుట్టలో ఉన్నాయత్తయ్యా. ఇంకా పారబొయ్యలేదు. ఎందుకూ?"

"ఫొటో తీసే వేళకి నేనెప్పుడూ వంటింట్లోంచి ఆఖర్న వచ్చేదాన్ని. చివర్నే చోటుండేది." అత్తగారు కళ్ళజోడు సర్దుకుని లేచారు. "ఉండు, వెళ్ళి నన్ను ఏరుకొస్తాను."