ఉండిపోయే ఉద్దేశం

విశ్వవిద్యాలయంలో విదేశీ అడ్మిషన్ల గది మూడో అంతస్తులో, లిఫ్టు పక్కనే ఉంటుంది. అక్కడ కూర్చుని, తెరమీద కనబడే పిల్లల్ని ప్రశ్నలడగడం ఆమె ఉద్యోగం. ఎనిమిదేళ్ల క్రితం తనూ ఇదే విశ్వవిద్యాలయానికి అలాగే జవాబులు చెప్పి, ఈ దేశం వచ్చి, చదివి, ఇక్కడే పనిలో చేరింది. అప్పట్లో అడిగేవాళ్లు నవ్వుతూ అడిగేవారు. ఇప్పుడు ప్రభుత్వం కొత్త నిబంధన పెట్టింది: సీటిచ్చిన వందమందిలో పదిమందికి వీసా రాకపోతే, విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతే రద్దు. చదువయ్యాక ఇక్కడే ఉండిపోతారని అనుమానమొస్తే చాలు, వీసా ఇవ్వరు. ఈ ఏడు ఇప్పటికే తొమ్మిదిమందికి రాలేదు.

"ఇంకొక్కరికి రాకపోతే మన కొంప మునుగుతుందమ్మా. నువ్విక్కడ పనిచేసే పర్మిట్టు కూడా ఆ అనుమతి మీదే ఉంది, మర్చిపోకు," అన్నాడు పెద్ద సారు పొద్దున్నే. మర్చిపోయే విషయమా అది?

తెరమీదికి వచ్చిన అమ్మాయి నీళ్లు శుద్ధిచేసే చదువు చదవాలనుకుంటోంది. మార్కులు బంగారం. ఏది అడిగినా తడుముకోలేదు.

"చదువయ్యాక ఏం చేస్తావు?"

"వెనక్కే వెళ్తాను మేడమ్. కానీ మంచి పని దొరికితే కొన్నాళ్లు ఉంటానేమో. ఇప్పుడే ఒట్టేసి చెప్పలేను."

ఓసి పిచ్చితల్లీ, ఆ రెండో ముక్క మింగేస్తే నీ సొమ్మేం పోయేది? అనుకుంది ఆమె. మళ్లీ అడిగితే సర్దుకుంటుందేమో అనిపించింది. కానీ అంతా రికార్డవుతోంది, ఒకే ప్రశ్న రెండుసార్లు అడగకూడదు. పిల్ల మొహం చూడకుండా, నిరాకరణకు కారణం అన్న గడిలో రాసింది: "జవాబులో ఉండిపోయే ఉద్దేశం కనబడుతోంది." రాసిన చెయ్యి చూస్తే తనకే అసహ్యమేసింది.

మర్నాడు పెద్ద సారు ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు. ఎన్నడూ లేనిది, కాఫీ కూడా తెచ్చాడు.

"నీ వాక్యం పైవాళ్లకు తెగ నచ్చిందమ్మా. ఇకమీద అదే మన కొలబద్ద. పాత రికార్డింగులు కూడా దాంతో మళ్లీ చూడాలట, పర్మిట్ల మీద ఇక్కడున్నవాళ్లవి ముందు. ఎలాగూ నీ మాటే కదా, నువ్వే మొదలుపెట్టు."

జాబితాలో మూడో పేరు తనది. ఆ రికార్డింగు తెరిచింది. అక్క దగ్గర అరువు తెచ్చుకున్న చొక్కాలో, ఎనిమిదేళ్లు చిన్నదైన తను.

"మంచి పని దొరికితే ఉంటానేమోనండీ," అంటోంది నవ్వుతూ.

సారు ఆమె భుజం మీదుగా అంతా చూశాడు.

"రాయమ్మా," అన్నాడు.