చేరని ముద్ద

ఓల్త్ నది ఒడ్డున మా ఊళ్ళలో చనిపోయినవాళ్ళ పేరు మీద భోజనం పెడితే, తిన్నవాళ్ళు "దేవుడు అతన్ని క్షమించాలి" అనాలి. అలా అంటేనే ఆ ముద్ద పైనున్నవాళ్ళకు చేరుతుంది. ఇంట్లోవాళ్ళు అంటే చెల్లదు, ఊరివాళ్ళే అనాలి.

మా బావ ఇలారీ పోయి ఏడాదయింది. తాగి ట్రాక్టరు నడిపి కాలువలో బోల్తా కొట్టాడు. పక్కన కూర్చున్న ఎదురింటి దొమ్నికా కొడుకు కూడా పోయాడు. తప్పు బావది, శిక్ష మా అక్క సవేతాకు పడింది. అక్క వస్తే బావి దగ్గర చేద వదిలేసి వెళ్ళిపోయేవారు. చర్చిలో ఆమె నిలబడిన వరస ఖాళీ అయ్యేది. వీధి చివరికి వినబడేలా నవ్వే మనిషి, గోడలతో గొణుక్కునే మనిషైపోయింది.

ఏడాది భోజనాలకు నేను సాయం వెళ్ళాను. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండాం. గోధుమలు ఉడికించి తీపి కలిపాం.

"వస్తారంటావా?" అంది అక్క.

"రాక చస్తారా? నీ వంట వాసనకి ఫాదరుగారి కుక్క కూడా గొలుసు తెంపుకుంటుంది."

అక్క నవ్వలేదు. ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం దాటాక అక్క గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. దారిన పోయేవాళ్ళు అవతలి పక్కకు తప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బావ చేత పొలాలు దున్నించుకున్న మనుషులేగా వీళ్ళు!

"లోపలికి రా అక్కా. నేను తిని, నేనే అంటాను."

"నువ్వంటే చేరదే. ఆయన పస్తుంటాడే."

అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. దొమ్నికా నల్లగుడ్డ తలకు కట్టుకుని వచ్చి, అక్క చేతిలోని గిన్నె అందుకుంది. నిలబడే తింది. అక్క ఆమె నోటివైపే చూస్తోంది.

"బాగుంది సవేతా. థాంక్స్."

"ఇంకో మాటుంది కదా వదినా..."

"తెలుసు. ఇంట్లో ఆ మాట అని చూసుకునే వచ్చాను. నోరు రావట్లేదు. అది మాత్రం అడక్కు."

ఖాళీ గిన్నె ఇచ్చి వెళ్ళిపోయింది. అక్క గేటు పట్టుకుని కూలబడింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను.

"పేరు పెట్టి పిలిచిందే నన్ను," అంది వెక్కుతూ. "ఏడాదికి ఒక మనిషి నన్ను పేరు పెట్టి పిలిచింది. నాకు సంతోషమేసిందే! ఆయన అక్కడ పస్తుంటే, నాకు సంతోషమేసిందే!"