ఆఖరి బండివాడి కర్ర

రోడ్డు వెడల్పు చేసిన ఏడాది గుడివాడ రోడ్డులో ఒకసారికి ఒక వైపు బండ్లనే వదిలేవాళ్ళు. ఇటు చివర నాంచారయ్య, అటు చివర పుష్పావతి, ఇద్దరి చేతుల్లో ఎర్రగుడ్డలు. మధ్యలో మైలు పైనే దూరం. కాలవగట్టు మలుపు వల్ల ఒకరికొకరు కనపడరు. అందుకని ఆఖరి బండివాడి చేతికి ఓ కర్ర ఇచ్చేవాళ్ళు. ఆ కర్ర చేరితేనే అవతలి బండ్లు కదలాలి.

ఆ పొద్దున మా చెల్లెలు రాఘవమ్మ కబురు పెట్టింది, గేదె ఈనలేకపోతోందని. రాఘవమ్మకి మొగుడు లేడు. పాలకేంద్రానికి పోసే పాలే దాని బతుకు. పశువుల కాంపౌండరు గోపీనాథ్‌ని లూనా వెనక ఎక్కించుకుని బయల్దేరాను. రాఘవమ్మ ఇల్లు ఆ తవ్విన రోడ్డుకి సగం దూరంలో ఉంది.

ముందు బండ్లన్నీ వెళ్ళిపోయాయి. మా వెనక ఎవరూ లేరు. నాంచారయ్య కర్ర నా చేతిలో పెట్టాడు.

"నేను మధ్యలోనే ఆగాలయ్యా."

"మరి ఎవరికివ్వను, కాలవకా? మొన్నొకడు కర్ర పట్టుకుని మధ్యలో జామకాయలు బేరమాడుతూ కూర్చున్నాడు. అటువాళ్ళు విసిగి తోసుకొచ్చేశారు. వాడి ఆటోనే కాలవలో పడింది."

తీసుకున్నాను.

"మావయ్యా, అది పారేద్దురూ," అన్నాడు గోపీనాథ్ వెనకనించి. "ముప్పై ఏళ్ళు లైసెన్సు లేకుండా తోలారు. పోలీసోడే లేనిచోట మీకు రూలేంటండీ?"

కర్ర చంకలో పెట్టుకుని బండి పోనిచ్చాను.

రాఘవమ్మ గుమ్మంలోనే ఉంది. దూడ కాళ్ళు బయటికొచ్చాయిట, తల లోపల వెనక్కి తిరిగిందిట. వీధిలో మగాళ్ళంతా రోడ్డు పనికే పోయారు.

"నేను తల సరిచేస్తుంటే లాగడానికి ఇంకో మనిషి కావాలి. ఈవిడ వల్ల కాదు," అన్నాడు గోపీనాథ్.

"ఇచ్చేసి వచ్చేస్తా," అన్నాను.

అటు చివర బండ్లు బారులు తీరి ఉన్నాయి. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏం తాతా, కర్రకి పెళ్ళి చేసి తెచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"నన్ను ముందు వదులమ్మా, గేదె ఈనలేక చస్తోంది," అన్నాను పుష్పావతితో.

"ఇందాకటినించి ఎండలో ఉన్నారు బాబాయ్ వీళ్ళంతా. నిన్ను ముందు పంపితే నన్ను తింటారు. వరసలో రా."

వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి మళ్ళీ నేనే ఆఖరివాణ్ణి. పుష్పావతి కర్ర చాపింది. మధ్యలో ఆగాలన్నాను. విసుక్కుని దాన్ని ముందున్న ఇటుకల ట్రాక్టరుకిచ్చింది.

"నువ్వు లేనట్టే లెక్క. ఇల్లు రాగానే పక్కకి దిగిపో."

ట్రాక్టరు మనిషి నడిచినంత నిదానంగా వెళ్ళింది. ఒక పక్క కాలవ, ఒక పక్క గొయ్యి. దాటే సందు లేదు. దుమ్ము తింటూ వెనకే వెళ్ళాను.

గేదె లేచి నిలబడి ఉంది. గోనెపట్టా మీద దూడని నాకుతోంది. దూడలో కదలిక లేదు. గోపీనాథ్ బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నా వైపు చూడలేదు.

"ఇచ్చొచ్చావా?" అంది రాఘవమ్మ. చీరంతా నెత్తురు.

"ఇచ్చాను."

 నాలుగు తిట్టినా బాగుండేది.

రాఘవమ్మ వంగి గేదె పొదుగు నిమిరి చూసింది. "దూడ కనపడకపోతే పాలు చేపదు, పొదుగులోకి దించదు అన్నయ్యా. ఊరవతల తోళ్ళ పోతయ్యని పిలుచుకురా. దూడ తోలు ఒలిపిద్దాం. గడ్డి కూరి ముందు నిలబెడితే చేపుతుందేమో."

పోతయ్యని పిలుచుకొచ్చి, వామి దగ్గర కూర్చుని మెత్తటి గడ్డి ఏరడం మొదలుపెట్టాను.