అవమానాల పలక

చంద్రరావుకు కోపం తక్కువ. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు, అబద్ధమూ కాదు. ఎవరైనా చిన్నచూపు చూస్తే అక్కడికక్కడ ఏమీ అనడు. నవ్వుతాడు, తాంబూలం తీసుకుంటాడు, ఇంటికొచ్చి చొక్కా విప్పకముందే నోటుపుస్తకం తీసి రాసుకుంటాడు. రాసుకున్నాక తిన్నది అరుగుతుంది, నిద్ర పడుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆయన మనశ్శాంతి ఆ పుస్తకంలో ఉంది.

ఎవరు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచారో, ఎవరు కార్డు కిటికీలోంచి పడేసి పోయారో, ఎవరింట రెండో బంతిలో కూర్చోబెట్టారో, ఎవరు మారు వడ్డిస్తామని ఒక్కసారే అని ఊరుకున్నారో, అంతా తారీకులతో సహా ఉంది. తణుకు చుట్టుపక్కల చుట్టాల్లో ఎవరింటి శుభకార్యానికి తను వెళ్లాలి, ఎవరింటికి భార్యను మాత్రం పంపాలి, ఎవరింట మజ్జిగ తాగి లేచి రావాలి అన్నది ఆ పుస్తకమే తేల్చేది.

2003 వేసవిలో భార్య అచ్చాయమ్మ అన్నగారి కొడుకు కిరణ్ హైదరాబాదు నుంచి ఒక వస్తువు తెచ్చాడు. వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసువాళ్లు కొత్తది ఇస్తే పాతది మేనత్త మొగుడికి తెచ్చాడు. అరచేతంత ఉంది. బూడిదరంగు అద్దం, రాయడానికి పక్కన సన్నటి పుల్ల.

"ఎన్ని నోట్స్ అయినా రాసుకోవచ్చు మావయ్యా. వెతకమంటే క్షణంలో వెతికిపెడుతుంది. పాస్‌వర్డ్ పెట్టుకున్నారంటే ఇంకెవరూ చదవలేరు," అన్నాడు కిరణ్.

ఆ చివరి మాటకు చంద్రరావు పడిపోయాడు. పుస్తకంలో సగం పేజీలు అచ్చాయమ్మ పుట్టింటివాళ్లవే.

"ఒక్కటే జాగ్రత్త. సెల్సు మార్చేటప్పుడు నిమిషం లోపల కొత్తవి వేసెయ్యాలి. ఆలస్యమైతే లోపల ఉన్నదంతా పోద్ది. అత్తయ్యా, ఇవి స్పేర్. నాలుగున్నాయి, దాచండి."

అచ్చాయమ్మ సెల్సు పొట్లం అందుకుని, ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూసింది. "పలకలాగుందేంట్రా," అంది. ఆ రోజు నుంచి ఇంట్లో దాని పేరు పలక.

పలక అన్నాక దిద్దాలి. యాభై నాలుగేళ్ల వయసులో చంద్రరావు దిద్దడం మొదలుపెట్టాడు. దానికి తెలుగు రాదు. తెలుగు అవమానాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. ఆ అక్షరాలైనా మనం బడిలో నేర్చుకున్నట్టు కాదు, అది నేర్పినట్టు రాయాలి. 'ఏ'కి నడుమ గీత ఉండకూడదు. 'కె' చేపలా ఉండాలి. పుల్ల పొరపాటున ఎత్తితే పలక తనకు తోచిన అక్షరం వేసుకుని కూర్చుంటుంది. 'వెంకటరత్నం' అని రాయడానికి మొదటి రోజు పావుగంట పట్టింది. ఆ పావుగంటలో వెంకటరత్నం మీద ఉన్న కోపం మెల్లగా పుల్ల మీదికి మళ్లింది. ఇది మంచిది కాదనిపించింది చంద్రరావుకు. కోపం ఎక్కడ ఉండాలో అక్కడే ఉండాలి.

వెంకటరత్నం ఆయన పెదనాన్న కొడుకు, వంశంలో పెద్దవాడు. కాలువకు అవతలి గట్టున ఇల్లు. మాటల్లేక పదకొండేళ్లు.

తరవాత వరస గొడవ వచ్చింది. పలక నేరం పెద్దదా చిన్నదా అని చూడదు, అక్షరక్రమంలో పెట్టేస్తుంది. ఎప్పుడో చల్లారిన కాఫీ ఇచ్చిన ప్లీడరు ముసలయ్య పైన కూర్చున్నాడు. పదకొండేళ్ల పగ అయిన వెంకటరత్నం అట్టడుగుకు పోయాడు. చంద్రరావు ఆలోచించి పేర్ల ముందు అంకెలు వేశాడు. వెంకటరత్నానికి ఒకటి. తొమ్మిది దాకా బాగానే ఉంది. పదో నెంబరు వెళ్లి ఒకటికీ రెండుకీ మధ్య దూరింది.

'ఈ నోటు బిజినెస్సా, పర్సనలా?' అని పలక అడుగుతుంది. రెండో బంతి భోజనం దేనికిందికి వస్తుందో తేలక చంద్రరావు ఒక ఉదయమంతా కూర్చున్నాడు. కిరణ్ తండ్రి గురించి రాస్తూ సగంలో ఉండగా 'ఇక పట్టదు' అంది. మనిషి జీవితంలో ఒక బావమరిది ఎంత చోటు ఆక్రమిస్తాడో దాన్ని తయారుచేసినవాళ్లకు తెలియదు.

అన్నిటికన్నా విచిత్రం, రాసింది తిరిగి చదివినప్పుడు జరిగేది. పుస్తకంలో కోపం వచ్చిన రోజు అక్షరాలు పక్కకు వాలి ఉండేవి, పెన్ను కాగితంలోకి దిగి ఉండేది. పలకలో అన్నీ ఒకే ఎత్తు. ఎవరికో జరిగినదాన్ని ఇంకెవరో టెలిగ్రాం ఇచ్చినట్టు ఉండేది. చదివితే విషయం తెలిసేది కానీ ఒళ్లు మండేది కాదు. ఒళ్లు మండటానికి మళ్లీ పుస్తకం తెరవాల్సి వచ్చేది.

అయినా మూడు నెలలు కష్టపడి మొత్తం ఎక్కించాడు. రెండు చోట్ల ఉండటం ప్రమాదమని పుస్తకానికి ఇటుక కట్టి కాలువలో వేశాడు.

మాఘమాసంలో కొత్త ఇంటి గృహప్రవేశం పెట్టుకున్నారు. ఇరవై రెండేళ్లుగా ఎదురుచూసిన రోజు. ఎవరెలా పిలిచారో వాళ్లను సరిగ్గా అలాగే పిలవాలి. కిటికీలోంచి వేసినవాడికి కిటికీలోంచే వేయాలి. వెంకటరత్నం సంగతి మాత్రం తెగలేదు. పెద్దవాడిగా ముందు నడిచి ఇంట్లో అడుగుపెట్టాల్సింది ఆయన. ఆయన లేని లోటు పదిమందీ చూడాలా, ఆయనే వచ్చి తలొంచుకుని నిలబడాలా? చంద్రరావుకు రెండూ కావాలనిపించేది. కార్డులు లెక్కపెట్టినప్పుడల్లా ఒకటి పక్కన మిగిలిపోతుండేది.

పిలుపులు మొదలుపెట్టే రోజు పొద్దున్నే పలక తెరిచాడు. అది ఆయన్ను ఎన్నడూ చూడనట్టు 'వెల్‌కమ్' అంది. నోట్స్ నొక్కాడు. ఖాళీగా ఉంది.

"దీన్లో సెల్సు ఎవరు తీశారు?"

"నేనేనండి. టీవీ రిమోట్ పని చేయట్లేదని తీశాను. మళ్లీ పెట్టేశానుగా," అంది అచ్చాయమ్మ వంటింట్లోంచి.

"ఎప్పుడు పెట్టావు?"

"సీరియల్ అయ్యాక."

"నిమిషం దాటితే పోద్దని వాడు చెప్పలేదటే?"

"మీకు చెప్పాడు. అయినా మధ్యలో ప్రకటనలు వచ్చాయి కదండీ, నిమిషం ఎక్కడ సరిపోద్ది?"

కిరణ్‌కు ఫోన్ చేశాడు. "బ్యాకప్ తీసుకున్నారా మావయ్యా? వారానికోసారి కంప్యూటర్‌కి తగిలించాలి."

"మనింట్లో కంప్యూటరెక్కడుందిరా?"

"అదే కదా. ఇంపార్టెంట్‌వి ఏమన్నా ఉన్నాయా?"

వీడి తండ్రివే ఎక్కువ. "అబ్బే, ఏవో రాతలు," అని పెట్టేశాడు చంద్రరావు.

తెల్లకాగితం ముందేసుకున్నాడు. పేర్లన్నీ గుర్తొచ్చాయి. ప్రతి పేరుకూ కోపం కూడా సిద్ధంగా ఉంది. ఎందుకన్నదే లేదు. కోపాలు రేషను షాపు ముందు జనంలా వరసగా వచ్చి నిలబడ్డాయి, ఒక్కరి చేతిలోనూ కార్డు లేదు. రాసిపెట్టుకున్నాం కదా అన్న ధీమాతో మనసు ఇన్నేళ్లూ ఏ ఒక్కటీ తన దగ్గర ఉంచుకోలేదని అప్పుడర్థమైంది.

"ఏమే, వెంకటరత్నం అన్నయ్య మనల్ని ఏం చేశాడు?"

"నాకేం తెలుసండి. ఆడవాళ్లం, మమ్మల్నీ మాటలు మానేయమన్నారు, మానేశాం. ఎందుకని అడిగితే పుస్తకంలో ఉందన్నారు."

కారణం లేకుండా ఆయన్ను పిలవకుండా ఉండటం ఎలా? కారణం తెలియకుండా పిలవడం మాత్రం ఎలా? చివరికి ఆయన నోటితోనే చెప్పిద్దామనుకుని భార్యతో కాలువ దాటాడు.

వెంకటరత్నం అరుగు మీద ఉన్నాడు. ఆశ్చర్యం కనబడకుండా "రారా చంద్రం," అన్నాడు. ఆయన భార్య మహాలక్ష్మమ్మ మంచినీళ్లు ఇచ్చి అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"జరిగిందేదో జరిగిపోయింది అన్నయ్యా," అన్నాడు చంద్రరావు. దారంతా సిద్ధం చేసుకున్న మాట.

"జరిగిపోయింది."

"నేను మనసులో ఏం పెట్టుకోలేదు."

"నేను మాత్రం పెట్టుకున్నానా? పెట్టుకోలేదు కాబట్టే పదకొండేళ్లు ఏమీ అనలేదు."

"అసలు ఆ రోజు..."

"ఏ రోజు?"

"అదే."

"ఊఁ. అదే."

ఇద్దరూ కాలువ వైపు చూశారు. లోపలి నుంచి ఆడవాళ్ల నవ్వులు వినబడ్డాయి. చంద్రరావుకు ఓపిక అయిపోయింది. జేబులోంచి పలక తీసి సంగతంతా చెప్పేశాడు.

వెంకటరత్నం దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పాడు. "నా సంగతి ఇందులో రాశావా?"

"రాశాను."

"ఎక్కడ?"

"ఒకటో నెంబరు."

"ఒకటో నెంబరా," అన్నాడు వెంకటరత్నం. ఆయన ముఖంలో చిన్న వెలుగు కనబడింది. లేచి లోపలికి వెళ్లి ఎర్ర అట్ట పుస్తకం పట్టుకొచ్చాడు. "మా నాన్నగారు రాసేవారు. నేనూ రాస్తున్నాను. మనింటి అలవాటు ఎక్కడికి పోద్ది?" అంటూ ఒక పేజీ తీసి ఇచ్చాడు.

'1992 ఫిబ్రవరి. అమ్మాయి ఓణీల ఫంక్షను. పిలవడానికి చంద్రం ఇంటికి రెండుసార్లు వెళ్లాం. తాళం. మూడోనాడు గట్టు మీద కనబడితే పిలిచాను. రాలేదు. సాయంత్రం దాకా వాడి విస్తరి తీయనివ్వలేదు.'

గట్టు మీద. అదీ సంగతి. స్కూటరు కూడా దిగకుండా, ఒక కాలు నేల మీద ఆనించి, దారినపోయేవాడిని పిలిచినట్టు పిలిచాడు. అంతకు ముందు రెండు రోజులూ తాము అన్నవరంలో ఉన్న మాట కూడా చంద్రరావుకు గుర్తొచ్చింది. వెతుక్కుంటూ వచ్చిన కోపం దొరికింది కానీ, దాని పక్కనే ఆ విస్తరి ఉంది. కోపానికి కూర్చునే చోటు కనబడలేదు.

'రాలేదు' అన్నచోట పెన్ను కాగితాన్ని చింపింది. ఆ చిరుగును బొటనవేలితో తడిమాడు.

"ఎంత బాగా రాశావన్నయ్యా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

పేజీ తిప్పాడు. "ముసలయ్య నీకూ చల్లారిన కాఫీయే ఇచ్చాడా?"

"నాకైతే మీగడ కూడా తీయలేదురా."

మధ్యాహ్నం దాకా ఇద్దరూ కదల్లేదు. పదకొండేళ్లలో చుట్టాలు తమను విడివిడిగా అవమానించిన తీరు పోల్చి చూసుకుంటుంటే కడుపు నిండినట్టుంది. వెళ్లేటప్పుడు చంద్రరావు పుస్తకం ఒక్క రోజుకు అడిగాడు.

"పుస్తకం గడప దాటదు. రోజూ వచ్చి రాసుకో," అన్నాడు వెంకటరత్నం.

రెండువందల పేజీల కొత్త పుస్తకం కొనుక్కుని చంద్రరావు రోజూ వెళ్లాడు.

గృహప్రవేశానికి వెంకటరత్నమే ముందు నడిచాడు. సొంత ఆధారాలు లేకపోవడంతో మిగతా అందరినీ బొట్టు పెట్టే పిలవాల్సి వచ్చింది. ఇంత మర్యాద ఎందుకు చేస్తున్నాడో తెలియక కొందరు భయపడి రాలేదు.

భోజనాలయ్యాక పాత బీరువాలోని సామాను సర్దుతుంటే పలక తాలూకు అట్టపెట్టె చంద్రరావు చేతికొచ్చింది. లోపల కిరణ్ ఇచ్చిన స్పేర్ సెల్సు పొట్లం ఉంది. ఎవరూ విప్పిన జాడ లేదు. నాలుగూ అలాగే ఉన్నాయి.

పెరటి గుమ్మంలో అచ్చాయమ్మ, మహాలక్ష్మమ్మ తమలపాకులకు సున్నం రాస్తున్నారు. అచ్చాయమ్మ తలెత్తి ఆయన చేతిలో పొట్లం చూసింది. ఆకు మడవడం ఆపలేదు.

"ఏంటండీ, ఏమన్నా కావాలా?"

"ఏం లేదు," అని చంద్రరావు పొట్లం జేబులో వేసుకున్నాడు. వరండాలోకి వచ్చి కొత్త పుస్తకం తెరిచి తారీకు వేశాడు. కింద 'అచ్చాయమ్మ' అని రాశాడు. పెన్ను అక్కడ ఆగింది.

పక్క మంచం మీద నడుం వాల్చిన వెంకటరత్నం ఒక కన్ను తెరిచాడు. "ఏం చేసిందిరా?"

"ఏం చేసిందో తెలుసన్నయ్యా. దాన్ని ఏమనాలో తేలడంలేదు."

"పేరు రాసి చోటు వదులు. తరవాత చూసుకోవచ్చు."

చంద్రరావు రెండు పేజీలు వదిలాడు.