అడగలేకపోయిన గేటు

రైల్వే ఇంజనీరు సుధాకర్‌గారికి వెలగలంక వాళ్ళ మర్యాద సంగతి తెలియదు పాపం. కొత్త స్టేషను గురించి ఊరి అభిప్రాయం తెలుసుకోవడానికి మధ్యాహ్నం మూడింటికి వస్తానని కబురు పంపారు. మూడింటికి వచ్చే మనిషిని పన్నెండింటికే వచ్చి భోంచెయ్యమనకపోతే ప్రెసిడెంటు చంద్రరావుగారికి నిద్ర పట్టదు. అలాగే రమ్మన్నారు. అక్కడే పని చెడింది.

స్టేషను కట్టేది రావులపాలెం రోడ్డుకీ, కాలవగట్టు పక్కనున్న పేటకీ మధ్య చేలో. దాని ముఖం రోడ్డు వైపు. వెనక, పేట వైపు, ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడ వస్తుంది. ప్లానులో ఆ గోడకి పిల్లి దూరేంత సందు కూడా లేదు. గోడ వచ్చే చోట ఎర్రరంగు పూసిన రాళ్ళు అప్పుడే పాతేశారు.

ఆ రాళ్ళకి యాభై అడుగుల దూరంలో వీరవేణి ఇల్లు. రోజూ తెల్లవారకముందే అరిటాకులు కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్ళి అమ్ముతుంది. మోపు ఎక్కించుకోమని బస్సు కండక్టర్లతో పద్దెనిమిదేళ్ళు వాదించి గొంతు అరిగింది, నడిచి నడిచి మోకాలూ అరిగింది. స్టేషను ఇంటి ముందుకే వస్తోందని విన్నరోజు వీధి వీధంతా బెల్లం పంచిపెట్టింది. గోడ సంగతి మర్నాడు తెలిసింది. కాలవ వంతెన దాటి, గట్టు మీదుగా రోడ్డెక్కి, చుట్టూ తిరిగి స్టేషనుకి రావాలంటే రెండు కిలోమీటర్లు. రైలు కళ్ళెదురుగా ఆగుతుంటే ఆ మోకాలితో అంత దూరం నడవాలనేసరికి ఆవిడకి ఏడుపొచ్చింది. గోడకి ఒక్క గేటు పెడితే ఆ బాధ లేదు.

పేటలో నలభై ఇళ్ళవాళ్ళదీ అదే మాట. రిటైరైన యెహెజ్కేలు మాస్టారు అర్జీ రాసి అందరిచేతా సంతకాలు పెట్టించారు. కాగితానికి తోడు నోటిమాట కూడా ఉండాలని వీరవేణిని ఎంచారు. ఊళ్ళో నోరున్న మనిషని ఆవిడకి పేరు. వారం రోజులపాటు ఆకులు కోస్తూ ఆవిడ అరటిచెట్లకి తన వాదన వినిపించింది. చెట్లు ఒక్కటీ ఎదురు చెప్పలేదు.

ఆ రోజు చేలోనే షామియానా వేశారు. మామిడికాయ పప్పు, పనసపొట్టు కూర, గుత్తివంకాయ, కొరమేను పులుసు, బొబ్బట్లు, గడ్డపెరుగు. ఆకులు వీరవేణివే, వడ్డనా ఆవిడదే. చాలు చాలంటూ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకి ఆ చేతి పక్కనుంచి బొబ్బట్టు జారవిడవడం ఆవిడకి చిన్నప్పుడే పట్టుబడింది. ఇంజనీరుగారికి అలా నాలుగు వేసింది. అభిప్రాయాలు రాసుకోవడానికి ఆయన వెంట వచ్చిన సర్వేయరు అమ్మాయి సత్యశ్రీకి మూడు.

మూడింటికి సత్యశ్రీ రిజిస్టరు తెరిచింది. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు ఇంజనీరుగారు. ఎవరూ కదల్లేదు. మన పందిట్లో మన అన్నం తిని, చెయ్యి కడుక్కుని ఇంకా తడి ఆరని మనిషిని పట్టుకుని మాకిది కావాలి, మీరు చేసింది బాగాలేదు అనడం వెలగలంకలో పుట్టినవాళ్ళకి చాతకాదు. పని అడగడానికే విందు పెట్టారని ఆయన అనుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? మాస్టారు అర్జీ చేత్తో పట్టుకుని లేచారు. ఊరికి రైలు తెస్తున్నవారు పిల్లాపాపలతో చల్లగా ఉండాలని దీవించారు. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

ఇక వీరవేణి వంతు. లేచి నిలబడింది. వారం రోజుల వాదన గొంతు దాకా వచ్చింది. ఇంజనీరుగారు కడుపునిండిన మొహంతో ఆవిడ వంక చూసి నవ్వారు.

"అంతా బాగానే ఉందండి. మీరే పెరుగు సరిగ్గా వేసుకోలేదు," అంది.

సత్యశ్రీ రిజిస్టరులో అభ్యంతరాలు లేవని రాసి కింద గీత గీసింది.

వీరవేణికి తన నాలుక మీద తనకే ఒళ్ళు మండిపోయింది. మాస్టారు ఆవిడ వైపు చూడలేదు, ఆవిడ మాస్టారి వైపు చూడలేదు. ఇంజనీరుగారు జీపు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఆయన్ని సాగనంపడానికి వెంట వెళ్ళిన వీరవేణి నోట ఆ కోపంలో కూడా అలవాటైన మాటే వచ్చింది. మా ఇంటికి రాకుండానే వెళ్ళిపోతారేంటండి, ఓ గ్లాసు మజ్జిగ తాగి వెళ్దురుగాని, అంది. ఇల్లెక్కడని ఆయన అడిగారు. చూపించింది. ఇంత దగ్గరైతే రాకేం అంటూ ఆయన తిన్నగా నడిచి, ఎర్రరాయి దాటబోయారు.

అప్పుడు తట్టింది వీరవేణికి.

"అటు కాదండి. అక్కడ గోడ ఉంది కదండీ."

ఆయన రాయి వంక చూశారు. "ఇంకా కట్టలేదు కదమ్మా," అన్నారు.

"మీరు కడతామన్నారంటే కట్టినట్టేనండి. మీరు గీసిన గీత మీచేతే తొక్కిస్తే మాకేం మర్యాదండి," అని, మిగిలిన ఆకుల మోపు నెత్తికెత్తుకుని రోడ్డు మీదుగా చుట్టుదారిన నడక మొదలుపెట్టింది.

వేళాకోళమా, నిజమా అన్నది ఆవిడ మొహం చూసి ఎవరూ పోల్చుకోలేకపోయారు. సత్యశ్రీ మాత్రం పెదవి బిగబట్టి వెనకాలే నడిచింది. ఆ చేతి బొబ్బట్లు నాలుగు తిన్నాక రానని ఎలా అంటారు ఇంజనీరుగారు? జీపులో వెళ్దామంటే కాలవ మీద ఉన్నది మనుషులు నడిచే వంతెన. వైశాఖమాసపు ఎండ, కడుపులో పనసపొట్టు. వీరవేణి మోపుతో కుంటుతూనే ముందు నడుస్తూ, మధ్యమధ్య ఆగి, మీ అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందండి, పిల్లలు ఏం చదువుతున్నారండి అని అడిగింది. మొదట్లో ఆయన వివరంగా చెప్పారు. వంతెన దగ్గరికొచ్చేసరికి తల ఊపడమే మిగిలింది.

ఇంటి ముందు మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది. ఆయన రెండు గ్లాసులు తాగి తలెత్తారు. ఎదురుగా షామియానా, దాని పక్కనే తన జీపు. జీపులో కూర్చున్న డ్రైవరు గ్లాసు చూసి, నాకూ కావాలన్నట్టు చెయ్యెత్తాడు. ఇంజనీరుగారు మోకాలు పట్టుకుని గడపలో కూర్చున్న వీరవేణినీ, పక్కన దింపిన మోపునీ చూశారు.

"మీకేం కావాలమ్మా?" అని అడిగారు.

అతిథి తనంతట తాను అడిగాక చెప్పడంలో తప్పులేదు. కానీ అరటిచెట్ల ముందు అంత ధాటిగా సాగిన వాదనలో ఒక్క ముక్కా గుర్తురాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గేటండి. నా మోపు పట్టేంత వెడల్పుంటే చాలండి."

ఆయన సత్యశ్రీ చేతిలోంచి రిజిస్టరు తీసుకున్నారు. అభ్యంతరాలు లేవన్న మాట కొట్టేసి, పేట వైపు గోడకి గేటు ఉండి తీరాలని తన చేత్తో రాసి సంతకం పెట్టారు. పైవాళ్ళని ఒప్పించే పూచీ నాదన్నారు. ఆ మాట చెవిన పడగానే అప్పటికే వచ్చి పక్కింటి అరుగు మీద కూర్చున్న మాస్టారు అర్జీతో పరుగెత్తుకొచ్చారు. వెనకాలే పేట జనమంతా వచ్చారు. ఎవరో వీరవేణిని గట్టిగా వాటేసుకున్నారు.

చివరికి ఇంజనీరుగారు లేచి, చెప్పులు తొడుక్కుని, నిట్టూర్చి కాలవ వంతెన వైపు తిరిగారు.

"అటెందుకండీ?" అంది వీరవేణి. "గేటు రాసేశారు కదా, ఇలా తిన్నగా వెళ్ళిపోండి."