సొరుగులో పద్నాలుగు నెలలు

నేను ఒక పాస్‌పోర్టును. నీలి అట్ట, దాని మీద బంగారు రంగు సింహాలు. నన్ను పట్టుకొచ్చిన మనిషిని ఎక్కడా ఆపకుండా పోనివ్వమని నా మొదటి పేజీల్లోనే రాసి ఉంటుంది. అంతటి గొప్పదాన్ని పద్నాలుగు నెలలు కువైట్‌లో ఒక ఇంటి బీరువా సొరుగులో, పనికిరాని టీవీ రిమోట్ల కింద పడుకున్నాను.

నా మనిషి సువార్తమ్మ. కోనసీమలో మలికిపురం దగ్గర ఊరు. ఐసు రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళు నాని పాసిపోతే, ఇంటిపనికని విమానం ఎక్కింది. దారిలో రెండుసార్లు నన్ను తెరిచి తన ఫోటో చూసుకుని నవ్వుకుంది. నాకు పొగరెక్కింది. దిగిన గంటలోనే ఇంటి మేడమ్ చెయ్యి చాపి నన్ను లాగేసుకుంది. నేను కిక్కురుమనలేదు. అట్ట మీద సింహాలున్నాయే గాని, నాకు గర్జించడం రాదు.

సువార్తమ్మ ఆ గదిలోనే ఇస్త్రీ చేసేది. అందుకే అన్నీ విన్నాను. ఆమెకి సెలవు లేదు, ఫోను లేదు, తిండి ఇంట్లోవాళ్ళు మిగిల్చిందే. ఒకనాడు చొక్కా మీద మడత పోలేదని మేడమ్ వేడి ఇస్త్రీపెట్టె లాక్కుని ఆమె మోచేతికి ఆనించింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఏం చేశానంటారా? పేజీలు మూసుకుని పడుకున్నాను. నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

పక్కింట్లో వంటచేసే హుసేన్‌బీది రాయచోటి. మర్నాడు కిటికీ దగ్గర ఆ చెయ్యి చూసింది.

"ఎంబసీకెళ్ళి చెప్పుకుంటే ఏటవుద్ది పిన్నీ?" అని అడిగింది సువార్తమ్మ.

"పాస్‌పోర్టు లేకుండా గడప దాటితే పోలీసులు పట్టుకపోతారు మే. పారిపోయిందని నీమీదనే కేసు పెడతారు. నా పాస్‌పోర్టూ మా ఇంటోళ్ళ దగ్గరనే ఉంది, నేను పన్నెండేండ్లు ఊరకనే ఉండలేదా?"

అంటే ఆమెను ఆపింది తలుపు కాదు, నేనేనన్నమాట. మంచి పదవే దొరికింది నాకు.

పుండుకి చీము పట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే మేడమ్ నవ్వింది. ఆ మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోతుంటే సువార్తమ్మ వచ్చి నా సొరుగు లాగింది. తాళం. ఒక్క క్షణం నిలబడి, నన్ను వదిలేసి, చెత్తసంచీ పట్టుకుని బయటికి నడిచింది. మరి వెనక్కి రాలేదు.

మూడు వారాలకి ఎంబసీ నుంచి పిలుపొస్తే మేడమ్ నన్ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్ళింది. బల్లకి అటువైపు సువార్తమ్మ కూర్చుని ఉంది, మోచేతికి కట్టుతో. మేడమ్ నన్ను బల్ల మీద పెట్టింది గాని, పైనుంచి చెయ్యి తియ్యలేదు. ఆవిడ మాటని తెలుగు గుమాస్తా చెప్పాడు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే పాస్‌పోర్టు ఇప్పుడే ఇచ్చేస్తుందట, ఇంటికెళ్ళిపోవచ్చట. లేదంటే దొంగతనం కేసు పెడుతుందట. ఏమంటావమ్మా?"

సువార్తమ్మ నా వైపు చూసింది. ఇన్నాళ్ళకి నాకోసం ఏడుస్తుందని నేను సిద్ధమయ్యాను.

"ఆవిణ్ణే ఉంచుకోమనండి బాబూ. నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. చెయ్యి కాల్చిందని మొదట రాయండి."

నా ముఖానే వద్దనడం అదే మొదలు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఎందుకో, ఒళ్ళు తేలికైంది.

పాస్‌పోర్టు ప్రభుత్వానిదని, ఇంకొకరు దాచుకోవడానికి వీల్లేదని ఎంబసీ అధికారి నన్ను అక్కడే ఉంచేశాడు. మేడమ్ అన్న దొంగతనం కేసు రానేలేదు. సువార్తమ్మ ఫిర్యాదు మాత్రం కోర్టుకెళ్ళింది. తీర్పొచ్చేదాకా నాలుగు నెలలు ఆమె ఎంబసీవాళ్ళ ఆశ్రయ గృహంలో, నేను ఆఫీసు బీరువాలో. మేడమ్‌కి శిక్ష పడింది.

ఆ నాలుగు నెలల్లోనే ఒక ఉదయం ఎంబసీ గుమ్మంలో ఎవరో ఆయాసపడుతూ నిలబడ్డారు. హుసేన్‌బీ. గుమాస్తా అలవాటుగా పాస్‌పోర్టు అడిగాడు.

"లేదు సార్," అందామె. లోపలికి వచ్చి కూర్చుంది.